మేకలు తిన్న సామన్నం

మా తమ్ముడు గోపాలు పోయి రెండు నెలలు కాకముందే వాడి కోడలు కవిత నన్ను మళ్ళీ తమిళనాడులోని ధర్మపురికి, మా పుట్టింటికి, రమ్మంది. కర్మలన్నీ ముగిసి, వచ్చినవాళ్ళంతా ఎవరి ఊళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయారు. నేనూ కుప్పం తిరిగొచ్చి, ఏ పనీ చేయబుద్ధి కాక, రాయాల్సినవి రాయకుండా కాలం నెడుతున్నాను. అప్పుడు ఫోను. "పెద్దమ్మా, పాప ఏమీ తినేది లేదు. డాక్టరు చూసి రక్తం శానా తక్కువ ఉండాదన్నాడు. మామ ఉన్నప్పుడు ఆయన చేత్తో పెడితే నాలుగు ముద్దలన్నా తినేది. ఇప్పుడు అదీ లేదు. మీరు కొన్నాళ్ళు వచ్చి ఉండండి," అంది. పాప అంటే గోపాలు మనవరాలు హరిణి, ఐదేళ్ళ పిల్ల. గోపాలు లేని ఇంటికి పోవాలంటే నాకు మనసు రాలేదు. కానీ వాడు చేత్తో పెట్టేవాడన్న మాట విన్నాక ఉండబట్టలేదు. మరునాడే బస్సెక్కాను.

మా ఇల్లు ముందువైపు అంగడి, వెనకవైపు కాపురం. నాయన కాలంలోనూ అంతే, గోపాలు కాలంలోనూ అంతే, ఇప్పుడు వాడి కొడుకు సురేశ్ కాలంలోనూ అంతే. మారిందల్లా అంగట్లో ఉండే సరుకు. గుమ్మానికి అటూ ఇటూ రంగురంగుల పొట్లాలు సరాలుగా వేలాడుతుంటాయి. చిప్సు, నూడుల్సు, క్రీము బిస్కెట్లు, నాకు పేర్లు కూడా తెలియనివి ఇంకెన్నో. హరిణి బడి నుంచి రాగానే చెట్టు నుంచి కాయ కోసుకున్నట్టు ఒక పొట్లం తెంపుకుని లోపలికొస్తుంది. అమ్మేవాళ్ళ బిడ్డ, అడ్డం చెప్పేదెవరు? మొదటి రోజు నేను చేసింది ముసలివాళ్ళంతా చేసే పనే. రాగి సంగటి చేసి, నెయ్యి వేసి, ఎదురుగా కూర్చుని, "ఇది తింటే బలం వస్తుంది, రక్తం పడుతుంది, మీ తాత ఇది తినే పెరిగినాడు" అని ఉపన్యాసం ఇచ్చాను. ఆ పిల్ల రెండు చేతులతో నోరు మూసుకుంది. రెండో రోజు కథ చెప్పాను. మూడో రోజు కసిరాను. ఓర్పు గల మనిషిని కాను నేను. అవ్వా అని పిలవమంటే పాట్టీ అనే ఆ పిల్ల, కళ్ళనిండా నీళ్ళతో, "పాట్టీ, నువ్వు మీ ఊరికి పో" అంది. పెరట్లోకి వచ్చి ఒక్కదాన్నే కూర్చున్నాను. పిల్ల అన్న మాట నన్ను పెద్దగా బాధపెట్టలేదు. మీ తాత ఇది తినే పెరిగినాడు అని నేనన్నాను చూడండి, అది అబద్ధం. అది అబద్ధమని తెలిసిన మనిషిని ఇప్పుడు నేనొక్కదాన్నే.

అది చెప్పాలంటే రంగత్తను గురించి చెప్పాలి. రంగత్త మా నాయనకు అక్క. ఏరియూరులో ఇచ్చారు. భర్త పోయాక పుట్టింటికొచ్చి మాతోనే ఉండిపోయింది. పొట్టిగా, గట్టిగా ఉండేది, నవ్వడం తక్కువ. ఆమె దగ్గర ఎప్పుడూ వేయించిన ఉలవల వాసన వచ్చేది, ఉతికిన చీర కట్టుకున్నా సరే. ఆ కాలంలో మా అంగట్లో పొట్లాలు లేవు, మూటలే. పెన్నాగరం నుంచి, నల్లంపల్లి నుంచి రైతులు బండ్లమీద రాగులు, సామలు, ఉలవలు, శెనక్కాయలు తెచ్చి దించేవాళ్ళు. గోనెసంచుల వాసనా, చింతపండు పులుపూ, కొత్త బెల్లమూ, ముక్కులో దూరి తుమ్ములు తెప్పించే దుమ్మూ అన్నీ కలిసి వంటింటిదాకా వచ్చేవి. నాయన ఏ మూటనూ చూపుతో కొనేవాడు కాదు. మోచేతిదాకా చెయ్యి లోపలికి పోనిచ్చి, అడుగు నుంచి గుప్పెడు తీసి, రెండు గింజలు నోట్లో వేసుకుని మెల్లగా నమిలేవాడు. నమిలేటప్పుడు తను మాట్లాడడు, ఎదురుగా నిలబడ్డ రైతూ మాట్లాడడు. మింగాక చెప్పేవాడు, "రెండు ఎండలు తక్కువైంది" అనో, "ఇది పోయినేటిది" అనో.

మాకు తిండి అలవాటు చేయడానికి రంగత్త ఆ అంగడి పద్ధతినే వంటింట్లోకి ఎత్తుకొచ్చింది. బడి నుంచి రాగానే కాళ్ళు కడుక్కుని వెనక వసారాలో నేనూ గోపాలూ పక్కపక్కన కూర్చోవాలి. కళ్ళు మూసుకుని చెయ్యి చాపాలి. అరచేతిలో ఏదో పడేది. ఒకరోజు నాలుగు సామగింజలు, ఒకరోజు ఉడికిన అనపగింజలు, ఒకరోజు చింతచిగురు, ఒకరోజు కాకరకాయ ముక్క. తినండి అని ఆమె ఏనాడూ అనలేదు. "ఎట్లుండాది?" అని మాత్రం అడిగేది. నేను మొదటిసారి బాగుందన్నందుకు నా మోకాలి మీద ఒకటి వేసింది. "బాగుంది, బాగలేదు అనేది కొనేవాళ్ళ మాట పాపా. మనము అమ్మేవాళ్ళము. ఎట్లుండాదో చెప్పాల," అంది. నచ్చకపోతే ఉమ్మేయొచ్చు, దానికి గోడ పక్కన చోటు కూడా చూపించింది. కానీ ఎట్లుందో చెప్పి ఉమ్మాలి. చెప్పకుండా ఉమ్మితే మోకాలికి మళ్ళీ దెబ్బ. కాకరకాయ నేను ఎన్నిసార్లు ఉమ్మానో నాకే తెలియదు. మొదట్లో చేదు అన్నాను. కొన్నాళ్ళకు, "ముందు చేదు, నీళ్ళు తాగితే తీపి" అన్నాను. ఆ తర్వాత ఎప్పుడో నాకు తెలియకుండానే మింగేశాను. అంతగా మాట్లాడుకున్నాక దాన్ని ఉమ్మేయడానికి మనసొప్పలేదనుకుంటాను.

గోపాలు సంగతి వేరు. వాడు నాకంటే మూడేళ్ళు చిన్న. వాడికి ఉమ్మే చోటుతో పనే లేదు. నోట్లో పడింది ఏదైనా సరే, కళ్ళు మూసుకుని, తల కొంచెం పక్కకు వాల్చి, నాయన లాగే నిదానంగా నమిలేవాడు. "ఈ ఉలవలు నల్లంపల్లివి, తోలు మందం" అనేవాడు. "ఈ రాగులు వానలో తడిసి మళ్ళీ ఎండినాయి" అనేవాడు. ఒకసారి నాయన ఒక మూట దగ్గర ఎటూ తేల్చుకోలేక వాణ్ణి పిలిచి రెండు గింజలు నోట్లో వేశాడు. వాడు నమిలి, "పైన కొత్తవి, అడుగున పాతవి" అన్నాడు. మూట తెచ్చిన రైతు సిగ్గుపడి, అంతలోనే పకపకా నవ్వి, వాణ్ణి భుజాలమీదికి ఎత్తుకున్నాడు. రంగత్త తలుపు సందు నుంచి చూస్తోంది. ఆమె నవ్వగా నేను బాగా చూసింది ఆ రోజే.

మా కాలంలో అంతా బంగారం అని చెప్పుకునే ముసలివాళ్ళంటే నాకు చిరాకు. సామల్లో రాళ్ళుండేవి. ఉలవలు తిన్న రోజు కడుపు ఉబ్బేది. మా అమ్మకైతే ఈ ముతక గింజలంటే అసలు గిట్టేది కాదు. ఆమె సేలంలో తెల్లన్నం తిని పెరిగిన మనిషి. వదినా ఆడబిడ్డలు నోటితో ఎప్పుడూ పోట్లాడుకోలేదు కానీ పొయ్యిని పంచుకున్నారు. రాత్రి వంట అమ్మది, తెల్లన్నం. పొద్దుటిదీ, పిల్లలు బడికి పట్టుకుపోయేదీ రంగత్తవి. నాకు పదకొండేళ్ళప్పుడు మమ్మల్ని దూరంగా ఉన్న పెద్ద బడికి మార్చారు, మధ్యాహ్నం ఇంటికి వచ్చే వీలు లేదు. రంగత్త కోడి కూయకముందే లేచి, సామన్నం వండి, పెరుగు కలిపి, ఒక పక్కన శెనక్కాయల పచ్చడి పెట్టి, రెండు స్టీలు గిన్నెల్లో సర్ది, మూతలు బిగించి ఇచ్చేది. గోపాలు గిన్నెలో పచ్చడి కొంచెం ఎక్కువ.

ఆ బళ్ళో సగంమంది చుట్టుపక్కల పల్లెల రైతుల బిడ్డలు. వాళ్ళ నాయనలు పండించిన గింజలే మా అంగడికి వచ్చేవి. వాళ్ళకు మాత్రం బళ్ళో మధ్యాహ్నం తెల్లన్నం పెట్టేవాళ్ళు. మొదటి రోజే సెల్వి అనే పిల్ల నా గిన్నెలోకి తొంగి చూసి, అందరికీ వినపడేలా, "శెట్టియారింటి పిల్లలు సామన్నం తింటారా? మీ అంగడి మూసేసినారా?" అని తమిళంలో అడిగింది. పిల్లలు గొల్లుమన్నారు. నాకు సిగ్గుకంటే భయం ఎక్కువైంది. మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. అంగడి మాట బయట తగ్గించి చెప్పకూడదు. పొద్దుటి నుంచి ఒక్కరు గడప తొక్కకపోయినా, ఎవరైనా అడిగితే, దేవుని దయ, బాగుంది అనే చెప్పాలి. ఈ పిల్లల నోట అంగడి మూసేశారన్న మాట పల్లెపల్లెకూ పోతుందని పదకొండేళ్ళ నా బుర్రకు తోచింది. "ఇది మేము తినేదానికి కాదు, మేకలకు తెచ్చినాము" అన్నాను.

బడి గోడ పక్కన చిన్నపొన్ను అనే ఆమె నాలుగు మేకలు కాసుకుంటూ ఉండేది. పిల్లలంతా చూస్తుండగా పోయి నా గిన్నె వాటి ముందు బోర్లించాను. వెనక్కి తిరిగితే గోపాలు చేతిలో ముద్ద పట్టుకుని కూర్చుని ఉన్నాడు. "అక్కా, నాకు ఆకలయితాంది" అన్నాడు మెల్లగా. వాడి చేతిలో ముద్దతో సహా గిన్నె లాక్కుని అదీ బోర్లించాను. వాడు ఏడవలేదు, మేకలవైపు చూస్తూ చెయ్యి నిక్కరుకు తుడుచుకున్నాడు. ఒకసారి మేకలకని చెప్పాక ఇక రోజూ మేకలకే. ఆ మొదటి రోజు సాయంత్రం రంగత్త గిన్నెలు అందుకుంటూ, "ఎట్లుండె?" అని అడిగింది. "బాగుంది అత్తా, అంతా తినేసినాము" అన్నాను. గోపాలు కూడా నా మొహం చూసి బాగుంది అన్నాడు. రంగత్త ఎవరి మోకాలి మీదా కొట్టలేదు. గిన్నెలు తీసుకుని లోపలికి పోయింది. బయటివాళ్ళకు చెప్పే మాట ఆమెకు చెప్పాము. ఆమెను బయటి మనిషిని చేశాము. అప్పుడే ఆమెకు ఏదో తెలిసి ఉండాలని ఇప్పుడు అనుకుంటాను.

మధ్యాహ్నం ఏమీ తినని పిల్లవాడు సాయంత్రం ఇంటికొచ్చి ఏం చేస్తాడు? నాయన కొత్తగా అంగట్లో ఒక గాజు జాడీ పెట్టించాడు, దాన్నిండా బిస్కెట్లు. గోపాలు బడి నుంచి వస్తూనే జాడీ దగ్గరికి పోయేవాడు. కొడుకు ముచ్చటగా తింటున్నాడని నాయన ఇంకో రెండు ఇచ్చేవాడు. వసారాలోకి వచ్చి కళ్ళు మూసుకునేసరికి వాడి నోరంతా తీపి. అత్త ఏం పెట్టినా, "ఉప్పు" అనో, "చప్పగా ఉంది" అనో ఒక్క మాటతో సరి. ఊరు, ఎండ, వాన అన్నీ చెప్పిన నాలుక అది. రంగత్త మళ్ళీ మళ్ళీ పెట్టి చూసేది, వాడి మొహంలోకి వంగి చూసేది, "ఇంకొకసారి నమలు నాయనా" అనేది. నేను పక్కనే కూర్చుని అంతా తెలిసి నోరు మూసుకున్నాను.

ఒక ఆదివారం పొద్దున చిన్నపొన్ను ఉప్పు కొనడానికి మా అంగడికి వచ్చి, వెనక వాకిట్లో రంగత్తను చూసి నిలబడింది. నేను తలుపు వెనక జడ వేసుకుంటున్నాను. మీ పిల్లలు రోజూ నా మేకలకు అన్నం పెడుతున్నారమ్మా, ఎంత మంచి మనసు, మేకలు బాగా ఒళ్ళు చేసినాయి అని తమిళంలో చెప్పి, "నల్లా ఇరుక్కణుం", బాగుండాలి, అని మమ్మల్ని దీవించింది. పాపం, ఆమె నిజంగానే కృతజ్ఞత చెప్పడానికి వచ్చింది. రంగత్త లోపలికి పోయి ఒక బెల్లం ముక్క తెచ్చి ఆమె చేతిలో పెట్టి పంపింది. తర్వాత వంటింట్లోకి పోయి, మా అమ్మతో, "రేపటినుంచి పిల్లలకు పొద్దుటిదీ బడిదీ నువ్వే చేసియ్యి" అంది. అమ్మ సంతోషంగా ఒప్పుకుంది, ఎందుకని అడగలేదు.

మమ్మల్ని ఎవరూ తిట్టలేదు. మరునాటి నుంచి మా గిన్నెల్లో తెల్లన్నమూ ఆలుగడ్డ వేపుడూ. సాయంత్రం గోపాలు అలవాటుగా వసారాలో కూర్చుని కళ్ళు మూసుకుని చెయ్యి చాపాడు. "ఈ దినము ఏమీ లేదా అత్తా?" అని అడిగాడు. "పెద్దోళ్ళయినారు కదా, ఇంకేమిటికి లే" అని ఆమె చేట తీసుకుని లేచిపోయింది. ఆ తర్వాత ఎన్నడూ పిలవలేదు. తన సామన్నం తను వండుకుని, గోడవైపు తిరిగి, ఒక్కతే తినేది. చీపురు తిరగేసి నన్ను నాలుగు బాదినా బాగుండేది. నాకు పెళ్ళయి కుప్పం పోయిన కొన్నాళ్ళకు ఆమె పోయింది. క్షమించు అత్తా అని అనడానికి నాకు చాలా సాయంత్రాలు దొరికాయి, ఒక్కదాన్నీ వాడుకోలేదు. తెలుగు అక్షరాలు నేను నేర్చుకున్నది కుప్పంలో అత్తవారింట్లో. ఇన్ని పుస్తకాలు రాశాను, ఆమె గురించి ఒక్క వాక్యం రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది.

గోపాలు నాయన తర్వాత అంగట్లో కూర్చున్నాడు. మూటలు వెనక్కి పోయాయి, పొట్లాలు ముందుకొచ్చాయి. నలభై దాటకముందే వాడికి చక్కెర జబ్బు వచ్చింది, తర్వాత కిడ్నీలు పోయాయి. మా వీధిలో చక్కెర జబ్బు లేని ఇల్లు లేదు, నా వల్లే వచ్చిందంటే డాక్టర్లు నవ్వుతారు. నవ్వనీ. వాడి మొదటి బిస్కెట్టు వాడి చేతికి ఎవరి వల్ల వచ్చిందో నాకు తెలుసు. చక్కెర జబ్బు బయటపడ్డప్పుడు డాక్టరు కాగితం మీద సామలు, రాగులు తినమని రాసిచ్చాడట. చివరిసారి ఆసుపత్రిలో చూసినప్పుడు వాడు ఆ మాట చెప్పి, "అక్కా, మందు మాదిరి తింటే ఏమీ తెలీలేదు. నా వాటా రుచంతా ఆ మేకలు తినేసినాయి" అని నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. చిన్నపొన్ను ఇంటికి వచ్చిన సంగతి అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు. అత్త ముసలిదై, ఓపిక లేక మమ్మల్ని పిలవడం మానేసిందని వాడు కడదాకా అనుకున్నాడు.

ఇదంతా తలుచుకున్న మరునాటి సాయంత్రం నేను సంగటి చేయలేదు, ఉపన్యాసమూ ఇవ్వలేదు. వెనక వసారాలో కూర్చుని హరిణిని పిలిచాను. కళ్ళు మూసుకోమంటే మందు పోస్తానని భయపడింది. అరచేతిలో నాలుగు వేయించిన ఉలవలు వేశాను. నమిలి మొహం చిట్లించి, "బాగలేదు" అంది. "అది కొనేవాళ్ళ మాట. మనము అమ్మేవాళ్ళము. ఎట్లుండాదో చెప్పు," అన్నాను. కాసేపు ఆలోచించి, "రాయి మాదిరి ఉండాది. చెవిలో సౌండ్ వస్తాది," అని, నోరు తెరిచి అంతా నేలమీద ఉమ్మేసింది. కవిత పరుగెత్తుకొచ్చి, "ఇదేమి పెద్దమ్మా, ఉమ్మేది నేర్పిస్తారా?" అంది. నేర్పించాను. ఇరవై రోజులు అదే పని. ఆ పిల్ల మాటలు వింటూ ఉంటే నాకు గోపాలు జ్ఞాపకం వచ్చి కొన్నిసార్లు లేచి లోపలికి పోవలసి వచ్చేది. ముందున్న పొట్లాల సరాలను నేను ఏమీ అనలేదు, ఆ ఇంటికి అన్నం పెడుతున్నవి అవే. ఒకరోజు హరిణి తనంతట తనే ఒక చిన్న గిన్నెడు సామన్నం పెరుగుతో తిన్నది. కవిత కళ్ళు తుడుచుకుంది.

ఆ సంతోషంలో మరునాడు పిల్ల బడి బాక్సులోనూ అదే పెట్టింది. "బడికి వద్దు కవితా" అన్నాను. కవిత అప్పటికే మూత బిగించేసింది. ఆ రోజంతా నాకు కాలు నిలవలేదు. సాయంత్రం వ్యాను దిగగానే నేనే ఎదురుపోయి సంచి తీసుకున్నాను. ఖాళీ డబ్బా చేతికొస్తుందనీ, ఈ చిన్న నోటితో అంతా తినేసినాను పాట్టీ అనే మాట వస్తుందనీ భయపడుతూనే మూత తీశాను. పెట్టింది పెట్టినట్టే ఉంది. కవిత చూసి, "ఒక్క మెతుకు కూడా తినలేదా?" అని గొంతు పెంచింది.

"తినలేదు. అంజలి చూసి ఛీ అనింది. అందరూ నవ్వినారు. నాకు సిగ్గయిపోయింది, మూత పెట్టేసినాను," అంది హరిణి.

"మరి ఎక్కడన్నా పారేసి రావచ్చు కదా పాపా?" అన్నాను.

ఆ పిల్ల నన్ను వింతగా చూసింది. "ఏమిటికి పాట్టీ? ఇంటికి తెచ్చి తినొచ్చు కదా," అంది. డబ్బా నా చేతిలోంచి తీసుకుని, వసారాలో కాళ్ళు ముడుచుకుని కూర్చుని తినడం మొదలుపెట్టింది. నేను అడగకుండానే చెప్తోంది, చల్లగా ఉండాది, పులిసిపోయింది, మూత వాసన వస్తాది అని.

ఆకలితో ఉన్న తమ్ముణ్ణి పక్కన పెట్టుకుని, నిండు గిన్నెలు రెండు చేతుల్లో పట్టుకుని, ఆ బడి గోడ దగ్గర నేను నిలబడ్డ మధ్యాహ్నాలు ఎన్నో. మూత పెట్టి ఇంటికి తెచ్చుకోవచ్చని నాకు ఒక్కరోజూ తోచలేదు. తెచ్చి ఉంటే రంగత్త ఒక మాట తిట్టేది. ఆమె ఎదురుగా కూర్చుని గోపాలు ఆ చల్లారిన అన్నం తినేవాడు.